గాటా, వాతా: మచ్చలతో బొమ్మ వేయించుకునేవారు పద్ధతిని ఎలా ఎంచుకోవాలి

చర్మంపై సిరా లేకుండా, కేవలం మచ్చతోనే బొమ్మను నిలిపే కళను స్కారిఫికేషన్ అంటారు. చర్మాన్ని కోసి మచ్చ తెప్పించడం అందులో ఒక దారి, కాల్చి తెప్పించడం మరో దారి. ఈ రెండోదానికి బ్రాండింగ్ అనే పేరు స్థిరపడింది. వీటిలో ఏదో ఒకటి వేయించుకోవాలని నిశ్చయించుకున్న వయోజనులు సాధారణంగా మూడు ప్రశ్నలతో మొదలుపెడతారు: ఏది ఎక్కువ నొప్పి, ఏది ఎక్కువ అందం, ఏది త్వరగా మానుతుంది. మూడూ అడగదగినవే కానీ, అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. పచ్చబొట్టులో కళాకారుడు గీసిన గీతే దాదాపుగా తుది గీత. మచ్చల కళలో కళాకారుడు గాయాన్ని మాత్రమే గీస్తాడు. ఆ గాయం ఎంత ఉబ్బాలి, ఏ రంగు తేలాలి, ఎంత వెడల్పుకు పాకాలి అన్నది ఆ తర్వాత ఏడాది పాటు చర్మం తన స్వభావాన్ని బట్టి నిర్ణయిస్తుంది. కాబట్టి ఏ పద్ధతిలో చర్మానికి తక్కువ స్వేచ్ఛ మిగులుతుందన్నదే ఎంపికకు నేను పెట్టే మొదటి గీటురాయి.

ముందుగా చర్మం సంగతి

గాయం పైపొరను దాటి లోపలి పొరకు, అంటే డెర్మిస్‌కు చేరినప్పుడే మచ్చ మిగులుతుంది. పైపొర మాత్రమే గీసుకుపోతే అది మళ్లీ పెరిగి ఆనవాలు లేకుండా కప్పేస్తుంది. డెర్మిస్ దెబ్బతింటే శరీరం ఆ ఖాళీని కొలాజెన్ పోగులతో హడావుడిగా పూడుస్తుంది. మామూలు చర్మంలో అల్లికలా ఉండే ఈ పోగులు మచ్చలో దాదాపు ఒకే దిశగా పరుచుకుంటాయి, అందుకే మచ్చ నునుపుగా మెరుస్తూ కనిపిస్తుంది. అక్కడ వెంట్రుకల కుదుళ్లు గానీ స్వేద గ్రంథులు గానీ తిరిగి రావు. మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా, దురద పెడుతూ ఉండే మచ్చ ఏడాదికి, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా మెత్తబడి స్థిరపడుతుంది. పూర్తిగా ముదిరిన మచ్చకు కూడా మామూలు చర్మపు బలంలో సుమారు 80 శాతమే వస్తుంది.

మీ చర్మం ఎలాంటి మచ్చ కడుతుందో తెలుసుకోవడానికి మీ ఒంటి మీద ఇప్పటికే ఉన్న మచ్చలను మించిన సాక్ష్యం లేదు. శస్త్రచికిత్స కుట్లు, టీకా వేసిన చోటు, చెవులు కుట్టించుకున్న చోటు, చిన్నప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ, వేడి పాత్ర తగిలి కాలిన చోటు, వీటన్నింటినీ మంచి వెలుతురులో చూసి, వేలితో తడిమి చూడాలి. మచ్చ ఉబ్బెత్తుగా ఉన్నా అసలు గాయపు హద్దుల్లోనే ఉంటే అది హైపర్‌ట్రోఫిక్ మచ్చ. ఈ కళలో చాలామంది కోరుకునే ఉబ్బెత్తు గీత అదే. మచ్చ గాయపు హద్దును దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకి, ఏళ్ల తరబడి పెరుగుతూ ఉంటే అది కెలాయిడ్. కెలాయిడ్ వచ్చే తత్వం కుటుంబాల్లో నడుస్తుంది, నల్లని, చామనఛాయ చర్మం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది, ఛాతీ మధ్య ఎముక మీద, భుజాల మీద, వీపు పైభాగంలో, చెవి తమ్మెల దగ్గర, దవడ అంచున మరింత సులువుగా వస్తుంది. మీకు గానీ, తల్లిదండ్రులకో తోబుట్టువులకో గానీ కెలాయిడ్ ఉన్నట్లయితే గాటా, వాతా అన్న ప్రశ్నే మీకు వర్తించదు, రెండూ వద్దు.

సొరియాసిస్, బొల్లి, లైకెన్ ప్లేనస్ ఉన్నవారి విషయంలోనూ ఇదే మాట చెప్పాలి. ఈ జబ్బులున్నవారిలో కొందరికి చర్మం గాయపడిన చోటనే ఆ జబ్బు తాలూకు కొత్త మచ్చలు మొలుస్తాయి. వైద్యులు దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. జాగ్రత్తగా గీయించుకున్న రేఖ వెంటే జబ్బు కూడా వరుస కడుతుందన్నమాట. అదుపులో లేని మధుమేహం, రక్తాన్ని పలుచన చేసే మందులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, వీటిలో ఏది ఉన్నా ముందుగా చర్మవైద్యుల సలహా తీసుకోవాలి.

గాటు పద్ధతులు

స్కాల్పెల్‌తో, అంటే శస్త్రచికిత్సకు వాడే సన్నని కత్తితో, గీత మేర కోసి, ఆ కోత మానినప్పుడు మిగిలే మచ్చనే రేఖగా చూపడం గాటు పద్ధతుల్లో సరళమైనది. బొమ్మను ముందుగా చర్మం మీద అద్ది, ఆ గుర్తుల వెంట ఒకే లోతులో బ్లేడును నడుపుతారు. పని తెలిసిన చేతిని గుర్తుపట్టడం ఇక్కడ కష్టం కాదు. బ్లేడు ఆగి ఆగి నడవదు, వంపు దగ్గర చర్మాన్ని రెండో చేయి సాగదీసి పట్టుకుంటుంది, గీత మొదలైన చోటా ముగిసిన చోటా లోతు ఒకేలా ఉంటుంది. తెగిన అంచులు సన్నని పెదవుల్లా కాస్త విచ్చుకుంటాయి. ఆ విచ్చుకున్న వెడల్పు గీత పొడవునా సమానంగా ఉంటే మానిన మచ్చ కూడా సమానంగా వచ్చే అవకాశం ఎక్కువ. ఒకచోట లోతు, మరోచోట తేలిక అయితే మూడు నెలల తర్వాత బొమ్మలో సగం ఉబ్బి, మిగతా సగం మాయమవుతుంది.

ఈ పద్ధతికున్న అసలైన బలం గీత సన్నదనం. ఆకుల ఈనెలు, జ్యామితి రేఖలు, పక్కపక్కనే సాగే సన్నని గీతలు ఇందులోనే సాధ్యం. బలహీనత కూడా అక్కడే ఉంది: చక్కగా మానే తత్వం ఉన్న లేత రంగు చర్మం మీద సన్నని గాటు రెండేళ్లకల్లా తెల్లని దారపు పోగులా మారి, వెలుతురు పక్క నుంచి పడితే తప్ప కనిపించకపోవచ్చు. నల్లని చర్మం మీద రంగు తేడా కంటే ఉబ్బెత్తే బొమ్మను చూపిస్తుంది. ఆఫ్రికాలోని ఎన్నో తెగలు పచ్చబొట్టు కంటే గాట్లను ఎంచుకోవడం వెనుక ఈ కారణం కూడా ఉందని చెబుతారు. దక్షిణ సూడాన్‌లోని నుయెర్ పురుషులు యౌవన దీక్షలో నుదుటి మీద అడ్డంగా వేయించుకునే ఆరు సమాంతర గీతలు, పపువా న్యూగినీలో సెపిక్ నది పరిసరాల్లో యువకుల వీపు, ఛాతీ, భుజాల మీద మొసలి చర్మాన్ని పోలేలా వరుసలుగా పెట్టే గాట్లు, ఈ రెండూ గమనించదగిన నమూనాలు. రెండింట్లోనూ బొమ్మ అంటే చిన్న గుర్తుల పునరావృతమే. ఒక గాటు కాస్త ఎక్కువగా ఉబ్బినా, మరొకటి తగ్గినా మొత్తం రూపం చెడదు. చర్మానికి దాని స్వేచ్ఛ దానికి వదిలి గీసిన బొమ్మలవి. కొత్తగా బొమ్మ ఎంచుకునేవారు నేర్చుకోవలసిన పాఠం వాటిలో చాలా ఉంది.

గీత కాకుండా నిండు ఆకారం కావాలంటే కోత చాలదు. రెండు హద్దు గీతలు కోసి, వాటి మధ్యనున్న చర్మాన్ని పలుచని పట్టీగా తొలగించడం రెండో పద్ధతి. మచ్చ వెడల్పుగా, స్పష్టంగా, ఏళ్లు గడిచినా మసకబారకుండా ఉంటుంది. అందుకు చెల్లించవలసిన మూల్యం కూడా పెద్దదే. తొలగించిన మేర శరీరం కొత్త చర్మాన్ని అంచుల నుంచి లోపలికి పెంచుకుంటూ రావాలి కాబట్టి మానడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అంతవరకు అది తెరిచిన పుండే. పెద్ద బొమ్మను ఒక్క విడతలో పూర్తి చేస్తాననే కళాకారుడి కంటే, విడతలుగా చేద్దామనే కళాకారుణ్ని నమ్మడం మేలు. గాయంలో బూడిదో బంకమట్టో నింపి మచ్చను మరింత ఉబ్బించే పాత పద్ధతులను నేడు ఎవరైనా ప్రతిపాదిస్తే, ఇన్ఫెక్షన్‌ను గాయంలో పెట్టి కుట్టడమే అవుతుంది కనుక, నిరాకరించాలి.

వాత పద్ధతులు

సన్నని లోహపు రేకును మంటలో కాల్చి చర్మానికి తాకించడం స్ట్రైక్ బ్రాండింగ్. పశువులకు వేసినట్టు బొమ్మ మొత్తాన్ని ఒకే ముద్రగా తయారుచేసి మనిషి ఒంటి మీద అద్దితే పని కాదు. మనిషి చర్మం పలుచన, శరీరం వంపులమయం. ముద్ర మధ్యభాగం లోతుగా కాలి అంచులు తేలిపోతాయి, లేదా అంచులు కాలి మధ్యభాగం తప్పిపోతుంది. అందుకని తెలిసినవారు బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు రేకును మళ్లీ వేడిచేసి, క్షణకాలం మాత్రమే తాకిస్తారు. ఒక్క అక్షరానికి కూడా మూడు నాలుగు తాకిళ్లు పట్టవచ్చు. వేడి తాకిన చోటనే ఆగకుండా చుట్టూ పాకుతుంది కనుక, మానిన మచ్చ ఆ రేకు మందం కంటే ఎన్నో రెట్లు వెడల్పవుతుంది. రెండు గీతలు కలిసే మూలలో వేడి రెండింతలై చర్మం ఎక్కువగా చచ్చిపోతుంది. మూసిన చిన్న వృత్తం వేస్తే లోపలి చర్మం కూడా కాలి, వృత్తం కాస్తా గుండ్రని మరకగా మిగులుతుంది. అందుకే మంచి కళాకారుడు మూలల్లో సన్నని ఎడం వదులుతాడు. మచ్చ వెడల్పైనప్పుడు ఆ ఎడం తనంత తానే పూడుతుంది.

అమెరికాలో కొన్ని నల్లజాతి విద్యార్థి సంఘాల సభ్యులు తమ సంఘం పేరులోని గ్రీకు అక్షరాలను వాతగా వేయించుకునే ఆచారం చాలాకాలంగా ఉంది. 1911లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన ఒమేగా సై ఫై సంఘపు ఒమేగా అక్షరం వాటిలో బాగా తెలిసినది. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైఖేల్ జోర్డాన్ ఛాతీ మీద కూడా ఆ గుర్తు ఉంది. అడుగున తెరుచుకుని, లోపల విశాలంగా ఉండే ఆ అక్షరం వాతకు అనువైన ఆకారం. అదే మనిషి ముఖాన్నో, పూల తీగనో, సన్నని వాక్యాన్నో స్ట్రైక్ పద్ధతిలో కోరుకోవడం వ్యర్థం. మరొకరి ఛాతీ మీద అద్భుతంగా తేలిన ముద్రను చూసి, తమ చర్మపు తత్వం చూసుకోకుండా అదే కావాలని పట్టుబట్టేవారి విషయంలో, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనే సామెత అక్షరాలా నిజమవుతుంది.

రేకుకు బదులు విద్యుత్తుతో వేడెక్కే సన్నని తీగ మొనతో గీయడం కాటరీ బ్రాండింగ్. శస్త్రచికిత్సలో రక్తస్రావం ఆపడానికి వాడే పరికరాల కోవకు చెందినదిది. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని గీస్తారు కనుక వంపులు, చిన్న అక్షరాలు కొంతవరకు సాధ్యం. వేడి మోతాదు స్థిరంగా ఉంటుంది కనుక గీత సమానంగా వస్తుంది. లేజర్ బ్రాండింగ్ పేరుతో అందించే పనుల్లో చాలావరకు లేజర్ ఉండదు. అవి ఎలక్ట్రోసర్జరీ పరికరాలతో, విద్యుత్ స్ఫులింగంతో చేసేవే. వాడే పరికరం ఏమిటో ముందే అడిగి తెలుసుకోవాలి, సూటిగా చెప్పలేని చోట కూర్చోకూడదు. కాలిన చర్మం నుంచి వచ్చే పొగ విషయంలోనూ శ్రద్ధ ఉండాలి; శస్త్రచికిత్స పొగలో వైరస్ ఆనవాళ్లు కనబడిన దాఖలాలున్నాయి. పొగను పీల్చే యంత్రం, సరైన మాస్కు లేని గదిలో కాటరీ పని చేయించుకోవడం ఇద్దరికీ క్షేమం కాదు.

ద్రవ నైట్రోజన్‌తో, అంటే సున్నాకు 196 డిగ్రీల సెల్సియస్ కింద, చర్మాన్ని గడ్డకట్టించే చలి వాత గురించి కూడా కొందరు అడుగుతారు. పశువుల్లో అది రంగు కణాలను చంపి తెల్లవెంట్రుకలు మొలిపించడానికి పనికొస్తుంది. మనుషుల మీద ఎంత లోతు దెబ్బతింటుందో ముందుగా అంచనా వేయడం దుర్లభం, తేలే మచ్చ తెల్లని మరకే తప్ప రేఖ కాదు. ఎంపికల జాబితా నుంచి దీన్ని తీసేయవచ్చు.

పక్కపక్కన పెట్టి చూస్తే

నొప్పి విషయంలో జనం ఊహించేదానికీ వాస్తవానికీ తేడా ఉంది. స్ట్రైక్ నొప్పి తీవ్రం, కానీ ప్రతి తాకిడీ క్షణికం. లోతుగా కాలిన చోట నరాల కొసలు కూడా కాలిపోవడం వల్ల మధ్యభాగం మొద్దుబారి, అంచులే ఎక్కువ మండుతాయి. గాటు నొప్పి పదునుగా మొదలై, పని సాగేకొద్దీ భరించదగినదిగా మారుతుంది. చర్మం తొలగించే పని వీటన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది గంటల తరబడి సాగవచ్చు. అయితే కూర్చున్న కొద్దిసేపటి నొప్పిని బట్టి పద్ధతిని నిర్ణయించుకోవడం అంత తెలివైన పని కాదు. ఆ తర్వాత వారాల తరబడి దుస్తులు తగలకుండా, నిద్రలో ఒత్తుకోకుండా, దురదకు గోకకుండా గాయాన్ని మోయడమే అసలు పరీక్ష. తేలికపాటి గాట్లు మూడు నాలుగు వారాల్లో మూసుకుంటాయి. వాతలు మానడానికి రెండు నెలల దాకా, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది; మొదటి వారాల్లో చచ్చిన చర్మం ఊడిపోతూ రసి కారుతుంది కనుక, బయటికి పనులకు వెళ్లేవారికి ఇది గాటు కంటే ఇబ్బంది.

మచ్చ ఎంత ఉబ్బుతుందో చెప్పడంలో వాత, ఎంత సన్నగా నిలుస్తుందో చెప్పడంలో గాటు కొంత నమ్మదగినవి. మొదటిసారి వేయించుకునేవారికి నా సలహా చిన్న గాటు బొమ్మ: బట్టల కింద దాగే చోట, రెండు మూడు గీతలతో మాత్రమే. ఏడాది ఆగి అది ఎలా తేలిందో చూస్తే, మీ చర్మం గురించి ఏ నిపుణుడూ చెప్పలేనంత తెలుస్తుంది. ఆ గీత బాగా ఉబ్బినట్లయితే కాటరీ జోలికి పోకుండా సన్నని గాట్లకే పరిమితం కావడం మంచిది; మసకబారిపోతే చర్మం తొలగించే పద్ధతి గానీ కాటరీ గానీ ఆలోచించవచ్చు. పొడవాటి సరళరేఖలు, పెద్ద జ్యామితి ఆకారాలు మాత్రమే కావాలనుకుని, చర్మపు తత్వం కూడా తెలిసినవారికి తప్ప స్ట్రైక్ బ్రాండింగ్‌ను నేను సూచించను. కీళ్ల వంపుల మీద వాత ఎవరికీ వద్దు, కాలిన మచ్చ మానేటప్పుడు కుంచించుకుని కీలు కదలికను పట్టేయగలదు. పాదాలు, చేతులు, మెడ కూడా తప్పించడం మేలు. తొడ బయటి వైపు, పిక్క, చేతి పైభాగపు బయటి వైపు సాపేక్షంగా అనుకూలం.

నీడలు, రంగుల మార్పులు, పోలికలున్న ముఖం, చదవగలిగే చిన్న అక్షరాలు కావాలనుకునేవారు మచ్చల కళను వదిలి పచ్చబొట్టుకే వెళ్లాలి. రెండూ కలిసిన దారి చూడాలంటే న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల తా మోకో ఉంది. అందులో ఉహి అనే ఉలితో చర్మాన్ని చెక్కి, ఆ గాడిలోనే రంగు నింపేవారు. అది ఒక జాతి వంశచరిత్రను ముఖం మీద మోసే సంప్రదాయం కనుక దాని నమూనాలను అలంకారంగా ఎత్తుకోవడం తగదు. పచ్చబొట్టు నచ్చకపోతే లేజర్‌తో రంగును విరగ్గొట్టి చాలామేరకు పలుచన చేయవచ్చు. మచ్చలో విరగ్గొట్టడానికి రంగే ఉండదు. సిలికోన్ పట్టీలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, కొన్ని రకాల లేజర్లు మచ్చను అణచగలవు తప్ప పాత చర్మాన్ని తిరిగి తీసుకురాలేవు.

గాయం మానే కాలంలో సంరక్షణ విషయమై రెండు మార్గాలున్నాయి. చెక్కు కట్టకుండా గాయాన్ని శుభ్రంగా, తడిగా, కప్పి ఉంచడం ఒకటి. చెక్కును పదే పదే లేపి, రుద్ది, మచ్చ ఉబ్బేలా రెచ్చగొట్టడం రెండోది. రెండో మార్గంలో మచ్చ ఉబ్బవచ్చు, కానీ ఎక్కడ ఎంత ఉబ్బుతుందో అదుపు ఉండదు, ఇన్ఫెక్షన్ ముప్పు కూడా పెరుగుతుంది. నిమ్మరసం, చక్కెర, ఉప్పు రుద్దమనే సలహాలు వినకూడదు. ఎరుపు గాయపు హద్దు దాటి పాకుతున్నా, చీము, జ్వరం, ఎర్రని చారలు కనిపించినా అదే రోజు వైద్యుల దగ్గరికి వెళ్లాలి, కళాకారుడికి సందేశం పంపి జవాబు కోసం ఎదురుచూడకూడదు. పనికి ముందే ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు పూర్తయి ఉండాలి. చాలా దేశాల్లో దీని తర్వాత కొన్ని నెలల పాటు రక్తదానానికి అనుమతించరు.

కళాకారుణ్ని, చట్టాన్ని చూసి

పచ్చబొట్లు వేయడంలో ఆరితేరిన చేయి గాట్లు పెట్టగలదని అనుకోవద్దు. అవి వేర్వేరు విద్యలు. పని పూర్తయిన రోజు తీసిన ఫోటోలు ఎర్రగా, స్పష్టంగా, ఎంతో అందంగా ఉంటాయి, అవి దేనికీ రుజువు కావు. ఏడాది దాటిన మచ్చల ఫోటోలు, అందులోనూ మీ చర్మపు రంగుకు దగ్గరగా ఉన్నవారివి చూపమని అడగాలి. ఒకసారి వాడి పారేసే బ్లేడ్లు, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్, కొత్త చేతి తొడుగులు, మీ ఆరోగ్య వివరాలు అడిగి రాసుకునే అలవాటు, వీటిలో ఏది లోపించినా వెనక్కి తిరగవచ్చు. మత్తు ఇంజెక్షన్ ఇస్తానని చెప్పే కళాకారుడికి అందుకు వైద్యపరమైన అర్హత ఉందో లేదో అడగాలి. చాలాచోట్ల అది వైద్య వృత్తిలో ఉన్నవారికి మాత్రమే ఉన్న అధికారం. ఇంట్లో స్నేహితుల చేత, లేదా స్వయంగా ఈ పని చేసుకోవడం ఏ పద్ధతిలోనూ ఎంపిక కాదు. మనసులోని బాధను ఒంటి నొప్పితో మరిచిపోవాలన్న కోరిక దీని వెనుక ఉందని అనిపిస్తే, కళాకారుడి కంటే ముందు మానసిక వైద్యులతోనో, నమ్మకమైన మనిషితోనో మాట్లాడటం అవసరం.

చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కేవలం మీ అంగీకారం ఉన్నంత మాత్రాన పని చట్టబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో భార్య కోరిక మీద ఆమె ఒంటిపై తన పేరు మొదటి అక్షరాలను వేడి కత్తితో వేసిన భర్తకు పడిన శిక్షను 1996లో విల్సన్ కేసులో అప్పీలు కోర్టు రద్దు చేసింది, దాన్ని పచ్చబొట్టుతో పోల్చింది. అదే కోర్టు 2018లో, చెవిని, చనుమొనను తొలగించి, నాలుకను చీల్చిన కళాకారుడి కేసులో చేయించుకున్నవారి అంగీకారం రక్షణ కాదని తేల్చింది. చర్మం తొలగించే పద్ధతి ఈ రెండింటిలో దేనికి దగ్గరగా వస్తుందన్నది వాదనకు తావున్న ప్రశ్నే. పిల్లల విషయంలో మాత్రం సందేహానికి చోటు లేదు. ముఖంపై గాట్ల సంప్రదాయం ఉన్న నైజీరియా సైతం 2003 నాటి బాలల హక్కుల చట్టంలో పిల్లల చర్మంపై గుర్తులు వేయడాన్ని నిషేధించింది.

చివరిగా, దిద్దుబాటు సంగతి కూడా ఎంపికలో లెక్కకు రావాలి. గాటు గీత ఒకచోట మసకబారితే, కనీసం ఏడాది ఆగి, ఆ ముక్కను మాత్రమే మళ్లీ కోయించుకోవచ్చు. కొత్త గీత పాతదానితో కలిసిపోయే అవకాశం బాగానే ఉంటుంది. కాటరీ గీతకు కూడా కొంతవరకు ఈ వీలు ఉంది. స్ట్రైక్ వాతలో ఒక ముక్క తేలిపోతే మళ్లీ తాకించినప్పుడు పక్కనున్న మచ్చ కూడా వేడెక్కి వెడల్పవుతుంది, కాబట్టి ఆ పద్ధతిలో మొదటిసారి వచ్చిన ఆకారాన్నే తుది ఆకారంగా భావించి బొమ్మను ఖరారు చేసుకోవాలి.